భూమి పాడైన ఊరికి ఎవరి సాయం పనికొస్తుంది: బోర్డు, ల్యాబ్, సైంటిస్టు, ట్రిబ్యునల్

ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లు గడిచినా పక్క పొలంలో బోరు వేస్తే నురగతో, పచ్చరంగుతో నీళ్లు వస్తున్న ఊళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అలాంటి ఊరివాళ్లు ఎవరిని కలిసినా మొదట అడిగేది "అన్నా, ఎవరి దగ్గరికి పోవాలె?" అని. నిజానికి వాళ్లు అప్పటికే అందరి దగ్గరికీ పోయి ఉంటారు. సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు అర్జీ ఇచ్చారు, పొల్యూషన్ బోర్డుకు ఫిర్యాదు చేశారు, విలేకరులను పిలిచి బాటిల్లో నీళ్లు చూపించారు, ఎమ్మెల్యే వచ్చి పోయాడు. అందరూ తలా ఒక శాంపిల్ తీసుకెళ్లారు. ఒకరు వాగులో, ఒకరు బోరులో, ఒకరు వానాకాలం, ఒకరు మండు వేసవిలో తీశారు. ఏ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడ్డానికి లేదు. కంపెనీ లాయర్‌కు కావాల్సింది సరిగ్గా అదే.

అందుకే ఎవరి సాయం అని అడిగే ముందు మీకు కావాల్సిన జవాబు ఏదో తేల్చుకోండి. విషం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఉంటే ఎంత లోతుకు దిగింది, ఎంత దూరం పాకింది అన్నది వేరే ప్రశ్న. ఎలా బాగుచేయాలి, డబ్బు ఎవరు పెట్టాలి అన్నది మూడోది. బాగుచేశాక ఆ జాగాలో ఇళ్లు కట్టొచ్చా, గోదాములు కట్టొచ్చా, గడ్డి మాత్రమే పెంచాలా అన్నది నాలుగోది. ఈ నాలుగింటికీ ఒక్కరే జవాబు చెప్పగలిగే సంస్థ మన రెండు రాష్ట్రాల్లో లేదు. ఉన్నామని చెప్పేవాళ్ల దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండండి.

హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరు కథలో ఇదంతా కనిపిస్తుంది. నక్కవాగు పరివాహక గ్రామాల తరఫున సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. 2001లో దాన్ని హైకోర్టుకు పంపారు. ఆ తర్వాత కమిటీలు, నష్టపరిహారాలు, రిపోర్టులు చాలానే వచ్చాయి. స్థానికంగా వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాల పాటు వెంటపడ్డారు. కానీ అక్కడి నీళ్లలో అసలు ఏముందో ప్రపంచానికి తెలిసింది మాత్రం 2007లో, స్వీడన్ పరిశోధకులు వచ్చి అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించినప్పుడు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అంతవరకు జరిగిన మామూలు పరీక్షలన్నీ నీళ్లలో మురికి, కరిగిన ఉప్పులు ఎంతో చెప్పే బీఓడీ, సీఓడీ, టీడీఎస్ చుట్టూనే తిరిగాయి. మందుల అవశేషాల కోసం ఎవరూ వెతకలేదు, దానికి పరిమితి అంటూ కూడా లేదు. పరీక్ష మీరు అడిగినదానికే జవాబు చెప్తుంది, అడగనిది చెప్పదు.

ఫ్రీగా దొరికే పరీక్షలు

మొదట ఇంటి దగ్గర ఉన్నవి చూద్దాం. తాగునీటికి గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులు ఉన్నాయి, తెలంగాణలో మిషన్ భగీరథ ల్యాబులూ ఉన్నాయి. ఫ్లోరైడ్, నైట్రేట్, టీడీఎస్, గట్టిదనం వరకు ఇవి బాగానే పనికొస్తాయి. టీడీఎస్ 2000 దాటిందంటే ఏదో తేడా ఉన్నట్టే, ముందుకు పోవడానికి అదొక సాకు. కానీ అక్కడ "నీళ్లు తాగొచ్చు" అని రాసిచ్చిన కాగితం పట్టుకొని ద్రావకాలు (ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్లు) లేవని, లోహాలు లేవని అనుకోకండి. వాటిని అక్కడ చూసి ఉండకపోవచ్చు.

వ్యవసాయ శాఖ ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు సంగతి ఇంకా స్పష్టం. రైతులు చాలామంది దాన్నే సాక్ష్యంగా పట్టుకొస్తారు. అందులో ఉండేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ, సేంద్రియ కర్బనం. సీసం లేదు, క్రోమియం లేదు, ఆర్సెనిక్ లేదు, పాదరసం లేదు. ఆ కార్డు ఎరువు ఎంత వేయాలో చెప్పడానికి. దాంట్లో ఈసీ బాగా ఎక్కువగా ఉంటే ఉప్పు చేరిందని తెలుస్తుంది, అంతకంటే ఎక్కువ దాని నుంచి ఆశించొద్దు.

పొల్యూషన్ బోర్డు

బోర్డును తిట్టడం తేలిక, వదిలేయడం మాత్రం తప్పు. నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ కింద బోర్డు అధికారి ఫ్యాక్టరీ వ్యర్థజలాల నుంచి తీసిన శాంపిల్‌కు ఉన్న చట్టబద్ధత మీరు తీసిన బాటిల్‌కు ఉండదు. నోటీసు ఇచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు తీసుకునే పద్ధతి అది. కేసు నిలబడాలంటే ఆ కాగితం ఫైల్లో ఉండాలి.

బోర్డు ఇబ్బంది ఎక్కడంటే, ఆ ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చింది, ఏళ్ల తరబడి తనిఖీ చేసింది కూడా అదే ఆఫీసు. నేల విషమైందని ఒప్పుకుంటే తమ పాత ఫైళ్ల మీద ప్రశ్నలొస్తాయి. అందుకని అక్కడి ఇంజినీర్లు చెడ్డవాళ్లని నేను అనను, కొందరు నిజంగా సాయం చేస్తారు. కానీ వాళ్ల నుంచి మీరు రాబట్టాల్సింది సలహా కాదు, రికార్డు. సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి: ఆ ఫ్యాక్టరీ సీఎఫ్ఓ (నడపడానికి బోర్డు ఇచ్చిన అనుమతి) కాపీ, అందులో ఉత్పత్తుల జాబితా, ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్, ఏటా వాళ్లు ఆ వ్యర్థాల లెక్క చెప్తూ వేసిన ఫారం 4 రిటర్నులు, పాత శాంపిల్ ఫలితాలు. ఈ ఉత్పత్తుల జాబితానే అసలైన బంగారం. వాళ్లు ఏం తయారుచేశారో తెలిస్తే ఏం వెతకాలో తెలుస్తుంది. క్రోమ్ రసాయనాలు చేసిన చోట హెక్సావలెంట్ క్రోమియం, బ్యాటరీలు కరిగించిన చోట సీసం, బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ అయితే ద్రావకాలు. ఇది తెలియకుండా ల్యాబ్‌కు వెళ్లి "అన్నీ చెయ్యండి" అంటే బిల్లు మాత్రమే పెరుగుతుంది.

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు విడిగా రూల్స్ తెచ్చింది. ఇంతకుముందు ఇలాంటి జాగాలను గుర్తించి బాగుచేయడానికి విడిగా ఒక చట్టబద్ధమైన దారే లేదు. ఇప్పుడు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల వివరాలు ఇవ్వాలి, రాష్ట్ర బోర్డు 90 రోజుల్లో ప్రాథమికంగా పరిశీలించాలి, అనుమానం నిజమనిపిస్తే ఇంకో మూడు నెలల్లో వివరమైన సర్వే జరగాలి, పాడుచేసినవాళ్లను గుర్తించి ఖర్చు వాళ్లతో కట్టించాలి, వాళ్లు దొరక్కపోతే లేదా కట్టలేకపోతే ప్రభుత్వాలు భరించాలి. కాగితం మీద బాగుంది. అప్పటికి దేశం మొత్తం మీద గుర్తించినవి 103 స్థలాలు, పని మొదలైనవి ఏడు. మీ ఊరు ఆ లెక్కలోకి రావాలంటే గ్రామసభ తీర్మానం చేసి, సర్వే నంబర్లతో సహా కలెక్టర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక్క విషయం మర్చిపోకండి, ఈ రూల్స్ గనుల తవ్వకం వల్ల, రేడియోధార్మిక వ్యర్థాల వల్ల, మామూలుగా చెత్త డంపుల వల్ల వచ్చిన కాలుష్యానికి వర్తించవు, వాటికి వేరే చట్టాలున్నాయి. అంటే కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు (టెయిలింగ్ పాండ్) చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఈ దారిలో వెళ్తే తలుపు దగ్గరే వెనక్కి పంపేస్తారు.

ప్రైవేటు ల్యాబ్

డబ్బు పెట్టి చేయించుకునే పరీక్షల్లో మోసపోయేది ఎక్కువగా ఇక్కడే, ల్యాబ్ మోసం చేసి కాదు, మనకు చదవడం రాక. ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అందరూ అడుగుతారు. అడగాల్సింది ఆ గుర్తింపు మీకు కావాల్సిన పరీక్షకు ఉందా అని. నీళ్లలో టీడీఎస్‌కు గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు మట్టిలో ఆర్సెనిక్‌కు ఉండాలని లేదు. ఏ పరీక్షలకు గుర్తింపు ఉందో చెప్పే వాళ్ల స్కోప్ ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్లోనే ఉంటుంది, రెండు నిమిషాల పని.

రిపోర్టులో "బీడీఎల్" అన్న మూడక్షరాలు చూసి ఊపిరి పీల్చుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కొలవగలిగే స్థాయి కంటే తక్కువ ఉంది అని దానర్థం. మరి ఆ ల్యాబ్ కొలవగలిగే స్థాయి ఎంత? తాగునీటిలో ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. ల్యాబ్ యంత్రం 0.05 కంటే తక్కువ పట్టుకోలేదనుకోండి, మీ బోరులో 0.04 ఉన్నా, అంటే పరిమితికి నాలుగింతలు ఉన్నా, కాగితం మీద బీడీఎల్ అనే వస్తుంది. కాబట్టి శాంపిల్ ఇచ్చే ముందే డిటెక్షన్ లిమిట్ రాసివ్వమనండి. రాసివ్వని ల్యాబ్‌కు దండం పెట్టి వచ్చేయండి.

శాంపిల్ తీయడంలోనూ అంతే. బోరు స్విచ్ వేయగానే వచ్చే నీళ్లు పైపులో నిలవున్నవి, అవి భూగర్భజలం కావు, పది పదిహేను నిమిషాలు పారనివ్వాలి. లోహాల కోసం తీసే బాటిల్లో ల్యాబ్‌వాళ్లు ఇచ్చిన నైట్రిక్ ఆమ్లం చుక్కలు ఉండాలి, లేకపోతే లోహం బాటిల్ గోడకు అంటుకుపోయి రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. ద్రావకాల కోసమైతే ముదురు రంగు గాజు సీసా, అంచు దాకా నింపి గాలి బుడగ లేకుండా మూత బిగించి, ఐస్ పెట్టెలో అదే రోజు చేర్చాలి. వాటర్ బాటిల్లో పట్టి బైకు మీద ఎండలో తీసుకెళ్తే ద్రావకాలు దారిలోనే ఎగిరిపోతాయి, ల్యాబ్‌కు చేరేది నీళ్లే. వీటన్నిటితో పాటు, ఫ్యాక్టరీకి ఎగువన, దాంతో సంబంధం లేని బోరు నుంచి ఒక శాంపిల్ తప్పకుండా తీయండి. అది లేకపోతే "మీ నేలలోనే సహజంగా ఉంది" అన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తారు.

మట్టి దగ్గర ఇంకో మెలిక ఉంది. నాలుగైదు చోట్ల మట్టి తీసి కలిపి ఒకటే శాంపిల్‌గా పంపడం వ్యవసాయంలో మామూలే, కాలుష్యంలో మాత్రం కంపెనీకి అంతకంటే మేలు చేసే పని లేదు, ఎందుకంటే డ్రమ్ములు పారబోసిన గుంతలోని విషం బాగున్న మట్టితో కలిసి సగటు తగ్గిపోతుంది.

సైంటిస్టులు, కన్సల్టెంట్లు

మనకు అదృష్టవశాత్తూ హైదరాబాద్‌లోనే సంస్థలు చాలా ఉన్నాయి. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, అదే ఆవరణలో పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ జోనల్ కేంద్రం, ఉప్పల్ దారిలో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, గచ్చిబౌలిలో పర్యావరణ శిక్షణ సంస్థ ఈపీటీఆర్‌ఐ, సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ. విశాఖవైపు వాళ్లకు ఆంధ్రా యూనివర్సిటీ. విషం భూగర్భంలో ఏవైపు కదులుతోందో తేల్చాలంటే ఎన్‌జీఆర్‌ఐ లాంటిచోట ఉండే జలభూగర్భ నిపుణులు కావాలి, బాగుచేసే ప్లాన్ రాయాలంటే నీరీ తరహా ఇంజినీర్లు కావాలి. ఒకరి పని ఇంకొకరికి అప్పజెప్పొద్దు.

వీళ్లు ఊరు అడిగితే నేరుగా రావడం కష్టం. ఎవరో డబ్బు కట్టాలి, ప్రాజెక్టు కావాలి, టైమ్ పడుతుంది. ఆ డబ్బు కట్టేది చాలాసార్లు బోర్డో, కంపెనీయో. ఇక్కడే కొడైకెనాల్ గురించి చెప్పాలి. అక్కడి థర్మామీటర్ ఫ్యాక్టరీ 1983లో అమెరికా నుంచి తరలించి తెచ్చినది, 2001లో పాదరసం గొడవతో మూతపడింది, 2003లో 290 టన్నుల పాదరసపు గాజు వ్యర్థాన్ని తిరిగి అమెరికాకే పంపారు. మిగిలిన మట్టిని ఎంతవరకు శుభ్రం చేయాలన్న దగ్గర గొడవ ఏళ్ల తరబడి సాగింది. నీరీ అధ్యయనం తర్వాత కిలో మట్టికి 20 మిల్లీగ్రాములు లక్ష్యంగా పెట్టారు, నివాస స్థలం లెక్కన. ఉద్యమకారులేమో ఆ జాగా పాంబార్ షోలా అడవి పక్కన ఉంది, అక్కడి నీళ్లు కిందికి పోతాయి, కాబట్టి ఇంకా కఠినంగా ఉండాలన్నారు. రెండు వైపులా సైన్సే మాట్లాడింది. తేడా అంతా ఆ నేలను ఏమని చూడాలన్న దాంట్లో ఉంది, అది సైంటిస్టు ఒక్కడే తేల్చే విషయం కాదు. కాబట్టి ఏ పెద్ద సంస్థ వచ్చినా మీరు మొదట అడగాల్సింది "లక్ష్యం ఎంత పెట్టుకున్నారు, ఏ వాడకానికి లెక్క కట్టారు" అని. తుది రిపోర్టు వచ్చాక అడిగితే ఆలస్యం.

ప్రైవేటు కన్సల్టెంట్ల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. నాబెట్ గుర్తింపు ఉందని చూపిస్తారు, అది ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులు రాయడానికి ఇచ్చేది. కొత్త ఫ్యాక్టరీకి అనుమతి రిపోర్టు రాయడం వేరు, పాడైన నేలను బాగుచేయడం వేరు. ఇంతకుముందు బాగుచేసిన ఒక్క స్థలం చూపించమనండి, అక్కడివాళ్లతో ఫోన్లో మాట్లాడండి. చూపించలేకపోతే కాఫీ ఇచ్చి పంపించండి.

ట్రిబ్యునల్ కూడా టెక్నికల్ సాయమే

ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) అంటే కోర్టు గొడవ అని చాలామంది వెనక్కి తగ్గుతారు. నా లెక్కలో డబ్బు లేని ఊరికి నిపుణులను రప్పించే చవకైన దారి అదే. పరిహారం అడగకపోతే ఫీజు 1000 రూపాయలు, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచ్, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. కేసు వింటే ట్రిబ్యునల్ తరచుగా చేసే మొదటి పని జాయింట్ కమిటీ వేయడం: కేంద్ర బోర్డు, రాష్ట్ర బోర్డు, కలెక్టర్ ప్రతినిధి, ఒక్కోసారి ఐఐటీ లేదా నీరీ నుంచి ఒకరు. అంటే మీరు పైసా పెట్టకుండా నిపుణులు మీ ఊరికి వస్తారు. ఆ కమిటీలో రాష్ట్ర బోర్డు ఒక్కటే కాకుండా బయటివాళ్లూ ఉండాలని, ఎన్ని లోతుల్లో శాంపిల్ తీయాలో, ఏ రసాయనాలకు పరీక్షించాలో, తీసేటప్పుడు గ్రామస్తులు ఉండాలని పిటిషన్లోనే అడగండి. ఆర్టీఐలో తెచ్చుకున్న ఉత్పత్తుల జాబితా ఇక్కడ పనికొస్తుంది.

గడువు మాత్రం చూసుకోండి. పర్యావరణ వివాదానికి ఆరు నెలలు, పరిహారానికి, పునరుద్ధరణకు ఐదేళ్లు, రెండింటికీ పైన అరవై రోజుల వరకు మాఫీ. "ఇంకోసారి కలెక్టర్‌ను కలిసి చూద్దాం" అంటూ ఏళ్లు గడిపేసే ఊళ్లు దెబ్బతినేది ఇక్కడే.

మనకు లేనిది

అమెరికాలో రసాయన వ్యర్థాలు పూడ్చిన చోట ఇళ్లు కట్టిన లవ్ కెనాల్ గొడవ తర్వాత, కలుషిత స్థలాలను బాగుచేయించడానికి 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. అందులో ఒక ఏర్పాటు ఉంది: కలుషిత స్థలం పక్కన ఉండే జనం సొంతంగా ఒక సాంకేతిక సలహాదారును పెట్టుకోవడానికి 50,000 డాలర్ల దాకా గ్రాంటు ఇస్తారు. ఆ సలహాదారు ప్రభుత్వానికో కంపెనీకో పని చేయడు, వాళ్లు రాసిన రిపోర్టులు చదివి జనానికి అర్థమయ్యేలా చెప్తాడు. పాత ఫ్యాక్టరీ జాగాలను మళ్లీ వాడుకోవాలనుకునే ఊళ్లకు యూనివర్సిటీల ద్వారా ఉచిత సలహా కూడా ఉంది, కేన్సస్ స్టేట్ యూనివర్సిటీ, న్యూజెర్సీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ లాంటివి ఆ పని చేస్తున్నాయి. సూపర్‌ఫండ్ స్థలాలు అన్నిటికంటే ఎక్కువున్న రాష్ట్రం న్యూజెర్సీనే, అక్కడ ఇల్లు కొన్న మనవాళ్లు స్కూల్ రేటింగ్ చూసినంత శ్రద్ధగా ఇది చూశారో లేదో మరి.

మన దగ్గర అలాంటి గ్రాంటు లేదు కాబట్టి ఆ మనిషిని మీరే వెతుక్కోవాలి. పక్క టౌన్ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్, భూగర్భజల శాఖలో రిటైరైన జియాలజిస్ట్, బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి మానేసిన మీ ఊరి కుర్రాడు, ఎవరైనా సరే. పెద్ద పేరు అక్కర్లేదు, రిపోర్టు చదవడం రావాలి, ఆ కంపెనీ నుంచి కన్సల్టెన్సీ డబ్బు తీసుకోలేదని రాసివ్వగలగాలి. ఊరి చందాలో ఒక్క ఖర్చుకే డబ్బుందంటే నేనైతే ఇతనికే ఇస్తాను, ల్యాబ్‌కు కాదు. ల్యాబ్ పరీక్షలు బోర్డుతోనో కమిటీతోనో చేయించొచ్చు, మీ తరఫున చదివే మనిషిని వాళ్లు ఇవ్వరు.

ఏ పద్ధతిలో బాగుచేయాలి

ఇక్కడికి వచ్చేసరికి "మట్టి మొత్తం తవ్వి తీసుకుపోండి" అని ఊరు పట్టుబడుతుంది. సహజమే. కానీ తీసుకుపోయి ఎక్కడ పెడతారు? ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే చోట్లంటే తెలంగాణలో దుండిగల్, ఆంధ్రలో పరవాడ, అక్కడా పక్కన ఊళ్లున్నాయి. భోపాల్ యూనియన్ కార్బైడ్ గోదాములోని 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలిస్తే అక్కడి జనం రోడ్డెక్కారు, చివరికి ఆ ఏడాది జూన్ ఆఖరుకు కాల్చేశారు. ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న మట్టి, భూగర్భజలం సంగతి మాత్రం అలాగే ఉంది. తక్కువ మట్టి, ఎక్కువ విషం ఉన్న చోట తవ్వి తీయడమే సరైన పని. తమిళనాడు రాణిపేటలో లాగా లక్షన్నర టన్నులకు పైనే క్రోమియం వ్యర్థం గుట్టపడితే లారీల లెక్కే తేలదు.

అప్పుడు కప్పేయడం మాట వస్తుంది, అంటే షీటు, బంకమట్టి పరిచి వాన నీళ్లు దిగకుండా చేయడం. కోల్‌కతా ధాపా డంపులో కొంత భాగాన్ని ప్రపంచ బ్యాంకు సాయంతో ఇలా కప్పి పచ్చగా చేశారు. 2010లో మొదలైన అదే ప్రాజెక్టులో మన కాటేదాన్ నూర్‌మహమ్మద్ కుంట, కడప డంపు కూడా ఉన్నాయి. పైనుంచి కప్పినా కింద ఊరే నీటిని పట్టుకోకపోతే ఏమవుతుందో హైదరాబాద్ చెత్త డంపు ఉన్న జవహర్‌నగర్‌లో మల్కారం చెరువు చూస్తే తెలుస్తుంది. కప్పుతామంటే ఒప్పుకోండి, కానీ చుట్టూ పరిశీలన బోర్లు, ముప్ఫై ఏళ్లు వాటిని చూసే బాధ్యత, దానికి ముందే డిపాజిట్ చేసిన డబ్బు, ఇవి లేకుండా ఒప్పుకోవద్దు.

మొక్కలతో బాగుచేస్తాం, సూక్ష్మజీవులతో బాగుచేస్తాం అనేవాళ్లూ వస్తారు. డీజిల్, క్రూడ్ పడిన నేలకు సూక్ష్మజీవులు నిజంగా పనిచేస్తాయి, టెరి సంస్థ తయారుచేసిన సూక్ష్మజీవుల మిశ్రమం ఆయిల్‌జాపర్ చమురు కంపెనీల దగ్గర వాడినదే. సీసాన్ని, పాదరసాన్ని ఏ సూక్ష్మజీవీ మాయం చేయలేదు. మొక్కలు లోహాన్ని పీల్చుకుంటాయి కానీ ఏళ్లూ పూళ్లూ పడుతుంది, ఆ మొక్కలు కోసి పడేసే చోటు మళ్లీ ప్రమాదకర వ్యర్థమే, ఈలోగా మేకలు మేస్తే విషం పాలలోకి పోతుంది. భూగర్భజలాన్ని తోడి శుద్ధి చేయడం పనిచేస్తుంది, కానీ మోటార్లు ఏళ్ల తరబడి ఆగకూడదు, కరెంటు బిల్లు ఎవరిదో ముందే తేల్చాలి.

మళ్లీ కట్టేటప్పుడు

2025 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. హైదరాబాద్ పాత పారిశ్రామికవాడల్లో 9 వేల ఎకరాలకు పైగా భూమిని ఇళ్లకు, ఆఫీసులకు, ఇతర వాడకాలకు మార్చుకోవడానికి దారి. దాని మీద గొడవంతా భూమి ధర గురించే నడిచింది, ఎవరికెంత లాభం అని. కానీ ఆ షెడ్ల కింద మట్టిలో ఏముందన్నది కొనేవాడికి అంతకంటే పెద్ద ప్రశ్న. విశాఖ మింది జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది, అలాంటి జాగాల దగ్గరా ఇదే అడగాలి.

ఇక్కడ ఎంపిక ఒకరకంగా తేలిక. గోదాము, పార్కింగ్, సోలార్ ప్లాంటు అయితే కప్పిన నేల చాలు, ఎవరూ మట్టిలో చేతులు పెట్టరు. ఇళ్లు, బడి అయితే లోతు శాంపిళ్లు కావాలి, ద్రావకాలున్న చోట నేల నుంచి పైకొచ్చే ఆవిరి కూడా కొలవాలి, ఎందుకంటే అది బేస్‌మెంట్ పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తుంది, కంటికి కనపడదు. కూరగాయలు పండించాలంటే అన్నిటికంటే కఠినం, నా మటుకు నేను లోహాలు తేలిన నేలలో ఆ ఆశ వదిలేయమంటాను.

పాత ఫ్యాక్టరీ జాగాలో ఫ్లాట్ చూస్తున్నవాళ్లు రెరా నంబర్ అడిగినట్టే మట్టి రిపోర్టు కూడా అడగండి. బిల్డర్ చూపించేది తరచుగా పునాది కోసం చేసిన బేరింగ్ కెపాసిటీ రిపోర్టు, నేల ఎంత బరువు మోస్తుందో చెప్పేది, రసాయనాలతో దానికి సంబంధం లేదు. రసాయన రిపోర్టు ఉందంటే ఎన్ని లోతుల్లో తీశారో, డిటెక్షన్ లిమిట్ కాలమ్ ఉందో చూడండి. ఆ జాగాలో పాత బోరు నీళ్లు వాడబోమని, మట్టి బయటికి పంపితే ఎక్కడికి పంపారో మేనిఫెస్ట్ (వ్యర్థం రవాణా రికార్డు) ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకోండి. అంతకుముందు అక్కడ ఏ కంపెనీ ఉండేదో, అది ఏం తయారుచేసేదో బిల్డర్ చెప్పకపోతే పది రూపాయల ఆర్టీఐ బోర్డుకు వేయండి, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. అడ్వాన్స్ ఆ తర్వాత ఇవ్వొచ్చు.